సెన్‌హైజర్ హెచ్‌డీ 800 ఎస్, ఆడెజీ ఎల్‌సీడీ-ఎక్స్: చెవి ఒకటంటే మెడ ఇంకోటంటుంది

రెండూ ఓపెన్ బ్యాక్ (వెనకవైపు పూర్తిగా మూసి ఉండని) హెడ్‌ఫోన్లే. మీ పాట పక్కవాళ్లకీ వినిపిస్తుంది. పోలిక దాదాపు అక్కడితో సరి.

హెచ్‌డీ 800 ఎస్‌లో శబ్దం పుట్టించే 56 మి.మీ. డ్రైవర్ చెవికి కాస్త దూరంగా, ఏటవాలుగా ఉంటుంది. అందుకే ఒక్కో వాయిద్యం ఒక్కో మూల నుంచి వస్తున్నట్టు విశాలంగా వినిపిస్తుంది. కానీ బేస్ పలచన. రికార్డింగ్ బాగాలేకపోతే వయొలిన్ చెవిలో గుచ్చుకుంటుంది. ఎల్‌సీడీ-ఎక్స్‌ది ప్లానార్ మాగ్నెటిక్ పద్ధతి: పల్చటి పొర మొత్తం ఒకేసారి కదులుతుంది, బేస్ లోతుగా, బిగువుగా దిగుతుంది. పాడేవాళ్ల గొంతు మాత్రం ఒకడుగు వెనక్కి వేసినట్టుంటుంది.

సౌకర్యంలో పోటీయే లేదు. మొదటిది 330 గ్రాములు, రెండోది 612! గంట దాటితే నడినెత్తి గుర్తుచేస్తుంది. నేనైతే సెన్‌హైజరే తీస్తాను. కాకపోతే దాని 300 ఓమ్స్ విద్యుత్ నిరోధానికి మంచి ఆంప్లిఫైయర్ తప్పదు. 20 ఓమ్స్ ఎల్‌సీడీ-ఎక్స్‌తో అంత తంటా లేదు.