బహుమతి రాకపోతే ఏం మిగులుతుంది? కొన్ని కథల పోటీలు, వర్క్‌షాపుల సమీక్ష

కథల పోటీ ప్రకటన కనిపించగానే కళ్లు ముందు బహుమతి అంకె మీదికే పోతాయి. ఆ అంకె ముగ్గురికో నలుగురికో సంబంధించింది. పంపిన మిగతా వందలమందికి, ఒక్కోసారి వేలమందికి, దానితో పనే ఉండదు. అందుకని ఇక్కడ పోటీలను గెలవనివాళ్ల వైపు నుంచి తూచాం. జేబులోంచి ఎంత పోయింది, కథ ఎన్ని నెలలు ఇరుక్కుంది, దాని మీద హక్కు ఎవరి దగ్గరుంది, రాత ఏమైనా బాగుపడిందా. ఈ తూకానికి నిలబడేవి పెద్ద బహుమతులే అవ్వాలని లేదు.

కామన్వెల్త్ షార్ట్ స్టోరీ ప్రైజ్ ఇప్పటి రూపంలో 2012 నుంచి నడుస్తోంది. ఎంట్రీ ఫీజు లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన, కామన్వెల్త్ దేశాల పౌరులెవరైనా పంపొచ్చు. ఒకరికి ఒక్క కథే. నిడివి 2,000 నుంచి 5,000 పదాలు. ఐదు ప్రాంతాలకు ఐదుగురు విజేతలు, ఒక్కొక్కరికి 2,500 పౌండ్లు. వాళ్లలోంచి ఎంపికైన తుది విజేతకు 5,000. ఇంగ్లీషుతో పాటు బెంగాలీ, తమిళం, మలయ్, స్వాహిలీ, గ్రీక్, టర్కిష్ లాంటి భాషల్లోనూ నేరుగా కథలు తీసుకుంటారు. ఆ జాబితాలో తెలుగు లేదు. అయితే ఏ భాష నుంచైనా ఇంగ్లీషులోకి వచ్చిన అనువాదం పంపొచ్చు, అది గెలిస్తే అనువాదకుడికి వేరుగా బహుమతి ఇస్తారు. తెలుగులో రాసేవాళ్లకి ఉన్న దారి ఇదే, ఎక్కువమంది చూడకుండా వదిలేసే దారి కూడా ఇదే.

అనువాదంతో పంపేటప్పుడు పదాల లెక్క దగ్గర జాగ్రత్త పడాలి. తెలుగులో విభక్తులు, కాలాలు, వ్యతిరేకాలు అన్నీ క్రియకీ నామానికీ అతుక్కుని ఒక్క మాటైపోతాయి. 'రాలేకపోయాను' ఒక పదం. 'ఐ కుడ్ నాట్ కమ్' నాలుగు. తెలుగులో 4,500 పదాలున్న కథ ఇంగ్లీషులోకి వెళ్లేసరికి పరిమితి దాటేస్తుంది, అప్పుడు ఆదరాబాదరాగా చివరి పేజీల్లో కోతలు పడతాయి, కథ ముగింపు పాడయ్యేది అక్కడే. అదే 1,700 పదాల కథ, చిన్నదని పక్కన పెట్టినది, అనువాదంలో హాయిగా 2,000 దాటొచ్చు. కాబట్టి లెక్క పెట్టాల్సింది అనువాదం అయ్యాకే. మూలకథ ముందే అచ్చయి ఉంటే చెల్లుతుందా అన్నది ఆ ఏడాది నియమావళిలో చదువుకుని మరీ పంపాలి.

గెలవనివాళ్ల లెక్కలో ఈ పోటీకి మంచి మార్కులే. డబ్బు పోదు, కథ మీద హక్కు పోదు. పోయేది కాలం: పంపిన దగ్గర్నుంచి తుది ఫలితం వచ్చేదాకా అర్ధ సంవత్సరం దాటుతుంది. కథ మీద ఒక్క ముక్క అభిప్రాయం కూడా రాదు, ఆశపడనక్కర్లేదు.

బ్రిడ్‌పోర్ట్ ప్రైజ్ సంగతి వేరు. ఇంగ్లండులో 1973లో మొదలైంది, ఏ దేశం వాళ్లైనా పంపొచ్చు, ప్రతి ఎంట్రీకీ ఫీజు ఉంది. కథ 5,000 పదాలు, కవిత 42 పంక్తులు, ఫ్లాష్ ఫిక్షన్ (అతి చిన్న కథ) 250 పదాలు దాటకూడదు. కథకీ కవితకీ మొదటి బహుమతి 5,000 పౌండ్లు, ఫ్లాష్‌కి 1,000. పోటీ నిజాయితీ మీద అనుమానం అక్కర్లేదు గానీ ఒక సంగతి తెలిసి పంపాలి. పోస్టర్ మీద పేరున్న న్యాయనిర్ణేత అందరి రచనలూ చదవరు. ముందు ఒక పాఠకుల బృందం వడపోస్తుంది, మిగిలినవే ఆ పెద్ద పేరు దగ్గరికి వెళ్తాయి. ఇలాంటి పెద్ద పోటీలన్నింటిలోనూ ఇదే పద్ధతి. 'ఆయనకి ఇలాంటి కథలు ఇష్టం' అని న్యాయనిర్ణేత శైలిని అనుకరించి రాయడం అందుకే దండగ. మొదటి వడపోతలో కూర్చున్న మనిషి ఆ రోజు పదుల కథలు చదివి ఉంటాడు. వాతావరణ వర్ణనతో, నిద్రలేవడంతో, కలతో మొదలైన కథలు అప్పటికే అతని బల్ల మీద గుట్టగా ఉంటాయి.

ఫ్లాష్ విభాగంలో ఎక్కువగా చతికిలబడేది 5,000 పదాల కథని 250కి కుదించి పంపేవాళ్లు. అది కథ కాదు, సారాంశం. ఆ నిడివిలో ఒక్క సందర్భం పడుతుంది, ఇద్దరు మనుషులు పడతారు. మూడో పేరు వచ్చిందంటే పాఠకుడు వెనక్కి వెళ్లి చూసుకోవాల్సి వస్తుంది. ఫీజు కట్టి పంపే ఉద్దేశం ఉంటే ఒక్క విభాగానికి ఒక్క రచన పంపండి. మూడు పంపితే మూడు ఫీజులు, అవకాశం మాత్రం మూడింతలు కాదు, ఎందుకంటే మిగతా రెండూ మీ దగ్గరున్నవాటిలో రెండో రకమే అయి ఉంటాయి.

వైజ్ఞానిక కల్పన, ఫాంటసీ రాసేవాళ్లకి రైటర్స్ ఆఫ్ ది ఫ్యూచర్. ఈ సమీక్షలో గెలవనివాళ్లకి ఎక్కువ మిగిల్చేది ఇదే. 1983లో మొదలైంది. ఫీజు లేదు. ఏడాదికి నాలుగు విడతలు, గడువులు డిసెంబర్ 31, మార్చి 31, జూన్ 30, సెప్టెంబర్ 30. కథ 17,000 పదాల వరకూ ఉండొచ్చు. ప్రతి విడతలో ముగ్గురికి 1,000, 750, 500 డాలర్లు, ఏడాది చివర ఒకరికి 5,000. పెద్ద పారితోషికంతో ఇప్పటికే చాలా అచ్చైనవాళ్లు పోటీకి అర్హులు కారు, కాబట్టి కొత్తవాళ్లు పోటీ పడేది కొత్తవాళ్లతోనే. ఇక తిరస్కారంలోనూ మెట్లున్నాయి: ఆనరబుల్ మెన్షన్, సిల్వర్ ఆనరబుల్ మెన్షన్, సెమీఫైనలిస్ట్, ఫైనలిస్ట్. అభిప్రాయం రాకపోయినా ఎక్కడున్నామో తెలుస్తుంది. మూడు నెలలకొకసారి కొత్త కథ పూర్తి చేయాలన్న గడువు కూడా ఒక లాభమే, ఏడాదికి నాలుగు కథలు చేతికొస్తాయి. గెలిచినవాళ్లకి వారం రోజుల వర్క్‌షాపు ఉంటుంది. అందులో ఒక చిన్న వస్తువు చేతికిచ్చి, ముక్కూ మొహం తెలియని ఒకరితో మాట్లాడి రమ్మని పంపి, 24 గంటల్లో కథ రాయిస్తారు. పోటీ పెట్టిన ఎల్. రాన్ హబ్బర్డ్ సైంటాలజీ అనే వివాదాస్పద మత ఉద్యమ స్థాపకుడు కూడా కావడంతో దీనికి దూరంగా ఉండే రచయితలూ ఉన్నారు, అది తెలుసుకుని ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకోవాల్సిందే.

ఈ మూడింట్లోనూ కథ మీద రచయిత పేరు కనపడకూడదు. మామూలు రాతప్రతి పద్ధతిలో ప్రతి పేజీ పైనా పేరు వేసుకోవడం అలవాటైనవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. మొదటి పేజీలో తీసేస్తారు, హెడర్‌లో ఉండిపోతుంది. హెడర్‌లో తీసేస్తారు, ఫైల్ పేరులో ఉంటుంది. అక్కడా తీసేశాక డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో 'ఆథర్' అని కంప్యూటర్ తనంతట తానే రాసి పెట్టుకుని ఉంటుంది. వర్డ్‌లో ఫైల్ మెనూలోని 'ఇన్ఫో'లో 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడిపితే అది పోతుంది, పాత దిద్దుబాట్లు, పక్కన రాసుకున్న వ్యాఖ్యలు కూడా అందులోనే బయటపడతాయి. ఈ పని అసలు ఫైలు మీద కాదు, కాపీ మీద చేయాలి.

ఇంకో చిక్కు 'అముద్రితం' అన్న మాట దగ్గర. ఫేస్‌బుక్ గోడ మీద పెట్టినా, సొంత బ్లాగులో ఉన్నా, అందరికీ కనిపించే కథల యాప్‌లో ఉన్నా చాలా పోటీల దృష్టిలో అది ప్రచురణే. ఫలితాల ముందు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. పాత లింకు ఎవరో ఒకరు పట్టుకుంటారు, అముద్రితమని ఇచ్చిన హామీపత్రంలో సంతకం చేసింది మీరే. గడువు విషయంలో కూడా, ఏ దేశపు గడియారం ప్రకారం అర్ధరాత్రో చూసుకోండి.

నియమావళిలో మొట్టమొదట చదవాల్సింది హక్కుల పేరా. 'గెలిచిన కథలను మొదటిసారి ప్రచురించే హక్కు మాది' అని ఉంటే న్యాయమే. కొన్ని నెలలపాటు ఇంకెక్కడా వేయొద్దన్నా పర్వాలేదు. 'బహుమతి రాని కథలను సాధారణ ప్రచురణకు పరిశీలిస్తాం' అంటే వద్దని చెప్పే వీలుందా, వేసుకుంటే డబ్బిస్తారా అని అడగాలి. 'పంపిన రచనలన్నింటి మీదా సర్వహక్కులు నిర్వాహకులవే, శాశ్వతంగా, వెనక్కి తీసుకునే వీలు లేకుండా' అని ఉంటే పేజీ మూసేయండి. అక్కడ బహుమతి ఎంతైనా సరే, ఓడిపోయినవాళ్ల కథలన్నీ ఉచితంగా పోగేసుకుంటున్నారన్నమాట.

మోసం మరో రూపంలోనూ వస్తుంది. ప్రతి కవితనీ 'సెమీఫైనల్‌కి ఎంపికైంది' అంటారు, సంకలనంలో వేస్తామంటారు, పుస్తకం మాత్రం మీరే కొనాలి. జ్ఞాపిక కావాలన్నా, వేడుకకి రావాలన్నా డబ్బే. ఇక్కడ ఓడిపోయేవాడంటూ ఉండడు, అదే గుర్తు. ఇలాంటివాటి మీద కన్నేసి ఉంచడానికి రచయిత్రులు ఆన్ క్రిస్పిన్, విక్టోరియా స్ట్రాస్ 1998లో మొదలుపెట్టిన రైటర్ బివేర్ అనే వెబ్‌సైట్ ఉంది. ఏ పోటీకైనా డబ్బు కట్టే ముందు దాని పేరు అక్కడ వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇక వర్క్‌షాపులు. వైజ్ఞానిక కల్పన, ఫాంటసీ రాసేవాళ్ల వర్క్‌షాపు క్లారియన్ 1968లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మొదలైంది, తర్వాత శాన్ డియాగోకి చేరింది. వైజ్ఞానిక కల్పన రచయిత్రి ఆక్టేవియా బట్లర్ క్లారియన్‌లో చదువుకున్నావిడే. ఆరు వారాలు, పద్దెనిమిది మంది దాకా విద్యార్థులు, దాదాపు వారానికొక రచయిత చొప్పున పాఠం చెప్పేవాళ్లు మారతారు. దరఖాస్తుకి రెండు పూర్తి కథలు కావాలి. విద్యార్థి వారానికో కథ రాయాలని లెక్క. అంటే ఆరు వారాల్లో వంద చిత్తుప్రతుల దాకా చదవాలి. రోజుకి నాలుగు కథలొస్తే, ఒక్కోటి 5,000 పదాలైతే, రాత్రికి 20,000 పదాలు చదివి మార్జిన్లో రాసుకుని పొద్దున్నే మాట్లాడాలి. చర్చకి వాడేది మిల్‌ఫర్డ్ పద్ధతి. డేమన్ నైట్, జుడిత్ మెరిల్, జేమ్స్ బ్లిష్ 1956లో మిల్‌ఫర్డ్ ఊళ్లో పెట్టిన రచయితల సమావేశం నుంచి వచ్చింది. గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరూ రెండేసి నిమిషాలు మాట్లాడతారు, రచయిత నోరు మెదపకూడదు, అందరిదీ అయ్యాకే జవాబు. పదిహేడు మంది రెండేసి నిమిషాలంటే 34 నిమిషాలు, పాఠం చెప్పేవారివి పది, రచయితవి ఐదు. కథకి ముప్పావుగంట పైనే, నాలుగు కథలకి మూడు గంటలు దాటుతుంది.

ఈ అమరికలో లాభం ఎవరికన్నది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకుంటారు. మన కథ మీద పదిహేడు మంది చెప్పింది కన్నా, పక్కవాళ్ల చిత్తుప్రతుల్లో ఎక్కడ విసుగొచ్చిందో పట్టుకోవడమే చేతికి మిగిలే విద్య. అచ్చైన మంచి కథలు చదివితే ఇది రాదు, వాటిలో తప్పులు దిద్దేసి ఉంటాయి కదా. నష్టం కూడా ఉంది. పదిహేడు సలహాలనూ పాటించి తిరగరాసిన కథ నున్నగా తయారవుతుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎవరికీ గుర్తూ ఉండదు. మౌనంగా కూర్చోవడం పడనివాళ్లకి నృత్యకళాకారిణి లిజ్ లెర్మన్ రూపొందించిన నాలుగు మెట్ల పద్ధతి నయం: ముందు తమని తాకింది చెప్పడం, తర్వాత రచయిత ప్రశ్నలు, ఆపైన లోపల అభిప్రాయం దాచుకున్న ప్రశ్నలు కాకుండా రచయితని అడిగే నిజమైన సందేహాలు, చివర్న రచయిత సరేనంటేనే అభిప్రాయాలు. నెమ్మదిగా సాగుతుంది, నవలకి బాగా పనికొస్తుంది.

నానోరైమో గురించి క్లుప్తంగా: 1999లో మొదలై నవంబర్ నెలలో 50,000 పదాల నవల రాసే సవాలుగా పేరు తెచ్చుకుంది, ఆ సంస్థ మూతపడుతున్నట్టు 2025లో ప్రకటించారు. సవాలు సొంతంగానైనా చేసుకోవచ్చు, రోజుకి 1,667 పదాలు. తెలుగులో అదే అంకె పెట్టుకుంటే పని బరువు ఇంగ్లీషు కన్నా ఎక్కువని పైన చెప్పిన కారణం వల్ల గుర్తుంచుకోండి.

డబ్బు కట్టే ఏ వర్క్‌షాపునైనా ముందుగా అడగాల్సింది: నా రాత ఎన్ని పేజీలు చదువుతారు, ఎవరు చదువుతారు, రాతపూర్వకంగా ఏమైనా ఇస్తారా. 'ప్రముఖ రచయిత ప్రసంగం' మాత్రమే ఉంటే అది సభ.

ఆరు వారాలు తీరనివాళ్లకి నలుగురి గుంపు చాలు. కథ నాలుగు రోజుల ముందే అందరికీ చేరాలి, 4,000 పదాలు దాటకూడదు. ఫోన్లో మూడు నిమిషాల టైమర్ పెట్టుకోండి. ముందువాళ్లు చెప్పిందే చెప్పాల్సి వస్తే 'అదే' అని ఒక్క మాటతో సరిపెట్టాలి. ఎలా దిద్దాలో చెప్పడం మానేసి ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ అయోమయపడ్డారో, ఏ పేరా రెండోసారి చదివారో చెప్పండి. ప్రతిసారీ మొదలుపెట్టే మనిషి మారాలి, లేకపోతే మొదట మాట్లాడినవాళ్ల అభిప్రాయమే అందరిదీ అవుతుంది. చివర్న గుర్తులు పెట్టిన కాగితాలు రచయితకిచ్చేయాలి, వాటిని వారం దాకా తెరవకపోవడం మంచిది.