నెగొంబోలో ఒరువ ప్రయాణం: తప్పక ఎక్కండి

శ్రీలంక వెళ్తే నెగొంబోలో ఈ పడవ ఎక్కాల్సిందే. ఒరువ అంటే సన్నటి పడవ. పక్కన రెండు వంపు కర్రలతో ఓ దుంగ కట్టి ఉంటుంది, బోల్తా పడకుండా ఆపేది అదే. మేం ఎక్కినదానికి ఇంజిను లేదు. నలుచదరపు తెరచాప ఎత్తగానే గాలి అందుకుని దూసుకుపోయింది. అక్కడివాళ్లు ఇలా చాపతోనే రొయ్యల వల కూడా లాగుతారు.

మాది భీమిలి దగ్గర జాలరిపేట. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. దుంగల్ని తాళ్లతో కట్టడం, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెట్టడం చిన్నప్పుడు చూశాను. తెప్పలో నీళ్లు నిలవవు, సందుల్లోంచి జారిపోతాయి. ఒడ్డున విరిగిపడే మా కెరటాలకి అదే సరైనది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం కూడా మర, మోటారు పడవలకే, తెప్పలకి లేదు. అయినా మా పేటలో ఇప్పుడు ఎటు చూసినా ఫైబరు బోట్లే. నెగొంబోలో చాప ఇంకా గాలి తాగుతోంటే కళ్లు చెమర్చాయి.

డబ్బులు ముందే మాట్లాడుకోండి, ఒడ్డుకొచ్చాక మాకు రేటు మార్చారు. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. ఆదివారం వద్దు, ఎక్కువమంది క్రైస్తవులు కాబట్టి చర్చికెళ్తారు. మే నుంచి సముద్రం పోటు మీదుంటుంది. డిసెంబరు, మార్చి మధ్య వెళ్లండి.