కాసా డాన్ బాస్కో, ట్యూరిన్: బసిలికా కంటే ముందు చూడవలసిన చోటు

ఇటలీలోని ట్యూరిన్‌లో వాల్డోక్కో అనే ప్రాంతానికి వెళ్లే యాత్రికులు చాలామంది, 1868లో ప్రతిష్ఠ జరిగిన క్రైస్తవుల సహాయమాత బసిలికాను (పెద్ద చర్చిని) దర్శించుకుని, ప్రాంగణంలో ఫొటోలు దిగి వెనుదిరుగుతుంటారు. తీరిక ఉన్నవారు ఆ పక్కనే 2020లో ప్రారంభమైన కాసా డాన్ బాస్కో (డాన్ బాస్కో ఇల్లు) ప్రదర్శనశాలను ముందుగా చూడాలని నా సలహా.

పల్లెల నుంచి తాపీపనికీ, రాతిపనికీ ట్యూరిన్ చేరిన కుర్రవాళ్లకు ఆ నగరంలో తమదంటూ ఒక విచారణ (ఒక చర్చి పరిధిలోని క్రైస్తవ సమాజం, పారిష్) ఉండేది కాదు. అలాంటివారిని యువ కతోలిక మతగురువు డాన్ బాస్కో 1841 డిసెంబరు 8 నుంచి చేరదీయసాగారు. అల్లరి భరించలేమని ఒకచోట, స్థలం ఇవ్వలేమని మరోచోట సాగనంపగా, 1846 ఏప్రిల్ 12న, ఈస్టర్ నాడు, పినార్డి అనే ఆసామి షెడ్డులో ఆ ఒరేటరీ (పిల్లలు ప్రార్థనకూ, ఆటకూ, చదువుకూ చేరే కూటమి) కుదురుకుంది. కప్పు తలకు తగిలేంత కిందికి ఉండడంతో నేలను తవ్వించి లోతు చేయించారు. తమ పిల్లలను లాక్కుంటున్నారని విచారణ గురువులు అభ్యంతరం చెప్పినప్పుడు, ఏ విచారణకూ చెందని పిల్లలకు ఇదే విచారణ అని ట్యూరిన్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) ఫ్రాన్సోని తేల్చిచెప్పారు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఉన్న పినార్డి ప్రార్థనాలయం అందంగానే ఉన్నా, ఆనాటి ఇరుకును అందులో ఊహించుకోవడం కష్టం. ఆ లోటును ప్రదర్శనశాలలోని నేలమాళిగలూ, పాత వంటగది, భోజనశాలలూ తీరుస్తాయి. 1846 నవంబరులో కొడుకు వెంట వచ్చిన డాన్ బాస్కో తల్లి మార్గరీతా, పదేళ్లు ఈ పిల్లలకు వండి, చిరిగిన బట్టలు కుట్టిపెట్టిందని చదివినవారు ఇక్కడ త్వరగా కదలలేరు.

వెళ్లేముందు 1852 ఫిబ్రవరి నాటి వడ్రంగి శిష్యరిక ఒప్పందం గురించి కూడా చదువుకోవడం మంచిది. యజమాని ఆ కుర్రవాడికి పని నేర్పాలనీ, తప్పు చేస్తే మాటతో మందలించాలే గానీ కొట్టకూడదనీ, పండుగ రోజుల్లో సెలవివ్వాలనీ స్టాంపు కాగితంపై రాయించి, డాన్ బాస్కో తానూ సంతకం చేశారు. మరుసటి ఏడే చెప్పులు కుట్టే పని, దర్జీపని ఇక్కడే నేర్పసాగారు. విజయవాడ రైల్వేస్టేషన్ పిల్లలను చేరదీసే నవజీవన్ బాలభవన్ కూడా డాన్ బాస్కో స్థాపించిన సలేషియన్ సభవారిదే కాబట్టి, దాని పని తెలిసిన తెలుగువారికి ఇదంతా కొత్తగా తోచదు.

డాన్ బాస్కో నివసించిన గదులకూ, ఆయన వస్తువులకూ భక్తులు ఎక్కువ సమయం కేటాయించడం సహజమే. చరిత్ర కోసం వచ్చినవారు మాత్రం కింది అంతస్తుకే పెద్దపీట వేయాలి.