టిఫిన్ చాలా బాగుంది, గుమ్మంలో ఆ లైటర్ తీసేయండి

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడుచుకుంటూ వెళ్లే దూరంలో ఉన్న ఈ టిఫిన్ హోటల్‌కి నేను ఎనిమిదేళ్లుగా వెళ్తున్నాను, కాబట్టి ఒక్కరోజు కోపంలో రాస్తున్న రివ్యూ అనుకోకండి. పొద్దున్న ఆరున్నరకి వెళ్తే ఇడ్లీలు అప్పుడే దింపుతుంటారు, ఆ ఆవిరికి వడ్డించే ఆయన కళ్లజోడు మసకబారిపోతుంది. పూరీలోకి ఇచ్చే బొంబాయి చట్నీ ఊళ్లో ఇంకెక్కడా ఇలా ఉండదు. ఉల్లిపాయ మెత్తగా ఉడికి ఉంటుంది, పచ్చిమిర్చి ఘాటు చివర్లో నాలిక్కి తగులుతుంది, శనగపిండి పచ్చివాసన ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. పెసరట్టు అంచులు కరకరలాడుతూ మధ్యలో మెత్తగా వస్తుంది, అడక్కుండానే అల్లం చట్నీ రెండోసారి వేస్తారు. తిండికి మాత్రమే మార్కులు వెయ్యమంటే ఐదుకి ఐదు వేసి ఊరుకునేదాన్ని.

వేసింది రెండే. ఎందుకో చెప్తాను.

హోటల్‌కి ఒకటే గుమ్మం. గుమ్మానికి కుడి పక్కన టీ కౌంటరు, ఆ కౌంటరు మీదే సిగరెట్ ప్యాకెట్లు, విడిగా అమ్మడానికి విప్పి పెట్టినవి. షట్టరు పక్కనున్న ఇనుప స్తంభానికి ఒక పసుపు ప్లాస్టిక్ తాడు, దాని చివర ఒక లైటరు వేలాడుతూ ఉంటుంది, సరిగ్గా మనిషి ఛాతీ ఎత్తులో. టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో అది లాగి సిగరెట్ ముట్టించి, వదిలేస్తే తాడు ఊగుతూ స్తంభానికి టక్కుమని కొట్టుకుంటుంది. లోపల మొదటి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి ఆ చప్పుడు వినిపిస్తుంది, రెండు నిమిషాల్లో పొగ కూడా వస్తుంది. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ గుమ్మంలో ఎప్పుడు చూసినా నలుగురైదుగురు నిలబడి కాలుస్తూనే ఉంటారు. లోపలికి వెళ్లాలంటే వాళ్ల మధ్యలోంచే వెళ్లాలి, చంటిపిల్లని ఎత్తుకున్న తల్లైనా అంతే.

మొన్న తొలేళ్ల నాడు, అంటే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవానికి ముందు రోజు, జరిగింది చెప్తాను. పైడితల్లమ్మ పండక్కి మా అప్ప (అక్క) రాయగడ నుంచి కూతుర్ని తీసుకుని వచ్చింది. దానికి ఏడేళ్లు, ఉబ్బసం ఉంది. మర్నాడు సిరిమాను రోజు జనంలో పిల్లతో కదల్లేమని ముందు రోజే తెల్లారకుండా దర్శనం చేసుకుని, "పిన్నీ, పూరీ" అని దారంతా అడుగుతుంటే ఇక్కడికే తీసుకొచ్చాను. పండగ రద్దీ, మొదటి బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. కూర్చున్న కాసేపటికే ముగ్గురు మగాళ్లు గుమ్మంలో నిలబడి ముట్టించారు. పిల్ల మొదట ముక్కు నలుపుకుంది, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఊపిరి తీస్తుంటే పిల్లిపిల్ల అరిచినట్టు సన్నటి చప్పుడు. మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతోంది. అప్ప సంచిలోంచి ఇన్‌హేలరు, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం తీసింది. అప్ప చేతులు వణుకుతుంటే గొట్టం నేను పట్టుకున్నాను. పిల్ల కళ్లు నామీదే పెట్టి ఒక్కొక్క ఊపిరీ లెక్కపెట్టుకుంటూ పీల్చింది. పళ్లెంలో పూరీ అలాగే చల్లారి అణిగిపోయింది.

బయటికెళ్లి వాళ్లని అడిగాను. ఇద్దరు వెంటనే ఆర్పేశారు, ఒకాయన "పాపకి బాగోలేదా అమ్మా, తెలీలేదు" అన్నాడు, నిజంగానే బాధపడ్డాడు. మూడో ఆయన మాత్రం "నేను రోడ్డు మీద ఉన్నాను కదా" అని ఇంకో దమ్ము లాగాడు. యజమానిని అడిగితే గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే "ఏటి చేస్తామమ్మా, పండగ బేరం, కాల్చొద్దంటే టీకి కూడా రారు" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు, కరోనా రోజుల్లో వీధి చివర ఉన్న ముసలాయనకి రోజూ ఇడ్లీ పంపించడం నేను కళ్లారా చూశాను. అందుకే ఆ మాట నన్ను ఇంకా బాధపెట్టింది.

రోడ్డు మీద కాలిస్తే పొగ రోడ్డు మీదే ఉంటుందనుకుంటున్నారు, ఉండదు. ఈ హోటల్ వంటగదిలో వెనక గోడకి పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది, అది లోపలి గాలిని బయటికి తోస్తుంటే ఆ ఖాళీ నిండడానికి గాలి ఎక్కణ్నుంచో రావాలి కదా, వచ్చే పెద్ద దారి ముందు గుమ్మమే. అంటే గుమ్మంలో వదిలిన పొగ చాలావరకు మొదటి బల్ల మీదుగా, చేతులు కడుక్కునే చోటు మీదుగా, చివరికి దోసెల పెనం దాకా వెళ్తుంది. ఒకసారి వంటగది దగ్గరి బల్ల మీద కూర్చుని చూడండి, అక్కడా వాసన తెలుస్తుంది. పెనం దగ్గర నిలబడే కుర్రాడు రోజుకి ఎనిమిది గంటలు అదే గాలి పీలుస్తాడు, వాడి గురించి ఎవరూ మాట్లాడరు. నేను అరగంట కూర్చుని వచ్చేస్తాను, వాడెక్కడికి వెళ్తాడు?

ఇంటికొచ్చి చట్టం చదివాను. హోటళ్లలాంటి చోట్ల పొగ తాగకూడదన్నది కొత్త మాటేం కాదు. 1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది, 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, బస్సులు, రైళ్లలో ఆపమంది, పొగ తాగనివాడు పక్కవాడి పొగకి ఎందుకు బలవ్వాలన్నదే కోర్టు అడిగిన ప్రశ్న. 2003లో సిగరెట్లు, పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది, కోట్పా అంటారు. దాని కింద 2008 అక్టోబరు 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో ఈ హోటల్ గుమ్మం గురించే రాశారా అన్నట్టు ఉంది. లోపలికి వచ్చే దారిలో 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు బోర్డు పెట్టాలి, ఇక్కడ పొగ తాగడం నేరమని. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా కనిపించేలా పెట్టాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచకూడదు. అంటే ఆ పసుపు తాడుకి వేలాడేది ఉండనే కూడదు! ఎవరైనా కాలుస్తున్నారని చెప్పినా పట్టించుకోకపోతే ఎంతమంది కాల్చారో అన్ని జరిమానాలు యజమాని మీద పడతాయి. 30 మంది, అంతకన్నా ఎక్కువమంది కూర్చునే రెస్టారెంట్లయితే విడిగా నాలుగు గోడల గది కట్టుకోవచ్చు, అదీ లోపలికొచ్చే దారిలో, బయటికెళ్లే దారిలో ఉండకూడదు.

జరిమానా మాత్రం 200 రూపాయల దాకానే. ఇది పెంచాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ రోజుల్లో 200 అంటే ఇద్దరి టిఫిను, అంతే. రోడ్డు మీద ఉన్నాను కదా అన్న ఆయన మాటకి కూడా చట్టంలో సూటిగా జవాబు ఉండాలి. బస్టాండు, రైల్వే స్టేషను ఆరుబయట ఉన్నా నిషేధం వర్తిస్తుందని నిబంధనల్లో స్పష్టంగా ఉంది. తిండి పెట్టే ప్రతి చోటా గుమ్మం నుంచి ఇన్ని అడుగుల లోపల కాల్చకూడదని కూడా అంతే స్పష్టంగా రాయాలి.

ఇవన్నీ కాగితం మీదే, ఎవరు ఆపుతారు అంటారు. నా చిన్నప్పుడు సాలూరు బస్సెక్కితే వెనక సీట్లలోంచి చుట్ట పొగ ముందుకి వచ్చేది, అమ్మ పమిట కొంగు నా ముక్కుకి అడ్డం పెట్టేది. సినిమాకి వెళ్తే తెర మీదికి పోయే వెలుగులో పొగ మేఘాల్లా తిరగడం నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఏ బస్సులోనైనా ఎవరైనా ముట్టిస్తారా? పక్కవాళ్లే ఊరుకోరు, కండక్టర్ బస్సాపి దించేస్తాడు. మన జనమే, మన ఊళ్లే, మారారు కదా. బస్సులో జరిగింది టిఫిన్ హోటల్లో ఎందుకు జరగదు?

పొగ తాగేవాళ్ల మీద నాకు ద్వేషం లేదు. మా మామ్మది పూసపాటిరేగ వైపు సముద్రపు ఒడ్డు పల్లె, అడ్డపొగ పీల్చేది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీల్చడం. గాలికి, తడికి ఆరిపోదని ఆ పక్క ఆడవాళ్లకి చాలామందికి అలవాటు. 1971లోనే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పది వేలకు పైగా మంది నోళ్లు పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిలి ఎలా పాడవుతుందో పరిశోధకులు ప్రచురించారు. మామ్మ అంగిలి కూడా తెల్లగా మందంగా అయిపోయి మధ్యలో ఎర్రటి చుక్కలు ఉండేవి, కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరిగేవి. చివరికి పుండై మానలేదు. నేను నర్సుని కాను, డాక్టర్ని కాను, కానీ ఆ నోట్లో గంజి పోసింది నేనే. ఆ మామ్మ కూడా ఇంట్లో పసిబిడ్డ ఉంటే చుట్ట పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్టు కిందికి వెళ్లిపోయేది, లోపల ఒక్క దమ్ము లాగేది కాదు. చదువు లేదు, కోట్పా తెలీదు.

మా ఆఫీసులో ఒకాయన అంటారు, రోడ్డు మీద లారీలు పొగ వదలట్లేదా, అది ఆపండి ముందు అని. లారీ పొగా ఆపాల్సిందే, కానీ లారీ నా ఇడ్లీ పళ్లేనికి మూడడుగుల దూరంలో ఆగి నిలబడదు కదా. సిగరెట్ పొగలో 7,000కి పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో సుమారు 70 కేన్సర్ తెచ్చేవి. కాల్చేవాడు కనీసం ఫిల్టర్‌లోంచి పీలుస్తాడు, వెలుగుతున్న కొస నుంచి లేచేది పక్కవాడికి ఏ ఫిల్టరూ లేకుండా చేరుతుంది. పక్కవాళ్ల పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంట్లో, పొలం గట్టు మీద, ఎవరూ లేనిచోట కాల్చుకోండి, అది మీ ఇష్టం, మీ ఆరోగ్యం. పదిమంది తినే చోట మాత్రం వద్దు, ఈ విషయంలో బేరాల్లేవు.

ఇంకో సంగతి. ఇంటర్ కాలేజీ యూనిఫాంలో ఉన్న ఇద్దరు పిల్లలకి అదే కౌంటర్లో విడి సిగరెట్లు అమ్మడం చూశాను. 18 ఏళ్ల లోపు వాళ్లకి అమ్మకూడదు. పైగా ప్యాకెట్ మీద 85 శాతం మేర కేన్సర్ బొమ్మతో హెచ్చరిక ఉండాలని ఇన్నేళ్లు పోరాడి పెట్టించారు, విడిగా కొనే పిల్లాడికి ఆ బొమ్మ కనిపించదు, తెల్లటి సిగరెట్ ఒక్కటే కనిపిస్తుంది.

బేరం పోతుందన్న భయం నాకూ అర్థమవుతుంది, అద్దెలు, గ్యాస్ బండ ధరలు చూస్తున్నాం. కానీ శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ వైపు పనిమీద వెళ్లినప్పుడల్లా ఒక చిన్న టీ కొట్టులో ఆగుతాను. అక్కడ కాల్చేవాళ్లని ఆయన "మాస్టారూ, అటు చెట్టు కిందికి" అని ఒక్క మాట అంటాడు, అంతే, గ్లాసు పట్టుకుని నవ్వుతూ వెళ్లిపోతారు. బల్లల మీద ఆడవాళ్లు, పిల్లలు నిండుగా ఉంటారు. ఈ హోటల్ పక్కనే సందు ఉంది, టీ కౌంటరు ఆ సందు వైపు తిప్పి, సిగరెట్లు అమ్మడం మానేస్తే సగం సమస్య ఆ పూటే తీరుతుంది.

మిగతావి: వడ్డించేవాళ్లు మర్యాదస్తులు, పెద్దవాళ్లని లేచేదాకా తొందరపెట్టరు. నీళ్లు శుభ్రంగా ఉంటాయి. ఫోన్‌తో డబ్బులు కట్టొచ్చు. బండి పెట్టుకోవడానికి చోటు తక్కువ. పార్సిల్ అడిగితే చట్నీ ప్లాస్టిక్ కవర్లో వేడిగా పోస్తున్నారు, ఇంటి నుంచి స్టీలు గిన్నె తీసుకెళ్లండి, ఏమీ అనుకోకుండా అందులోనే పోస్తారు. పిల్లలతో, ఆయాసం ఉన్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఏడు లోపే వెళ్లి కిటికీ పక్కనున్న మూడో బల్ల చూసుకోండి, ఆ తర్వాత అయితే పార్సిలే మేలు.

యజమాని గారు ఇది చదువుతారని తెలుసు, ఆయన కొడుకు రివ్యూలన్నింటికీ జవాబు రాస్తాడు. బాబూ, నాన్నగారికి చదివి వినిపించు. ఆ తాడు కొయ్యడానికి ఒక్క నిమిషం పడుతుంది, బోర్డుకి ఒక పూట. సంక్రాంతికి అప్ప మళ్లీ వస్తోంది, పిల్ల అప్పుడే ఫోన్‌లో అడుగుతోంది, ఆ పూరీ ఈసారి తింటానా పిన్నీ అని.