హైదరాబాద్‌లో వేప్ కాయిల్ కిట్లు కొంటున్నారా? కాంతాల్ పేరుతో జీఐ తీగ, కొత్త సెల్ పేరుతో ల్యాప్‌టాప్ తుక్కు అంటగడుతున్నారు

మెసేజింగ్ గ్రూపుల్లో "రీబిల్డ్ కిట్, హైదరాబాద్‌లో అదే రోజు డెలివరీ" అని ఒక ప్రకటన తిరుగుతోంది. వేప్ (ఈ-సిగరెట్)లో లిక్విడ్‌ని వేడి చేసే కాయిల్‌ని మనమే చుట్టుకునే సామాను అది. డబ్బులు పంపబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. నేను 4,800 రూపాయలు పంపాను. అమీర్‌పేట మెట్రో కింద బైక్ కుర్రాడు ఒక కవర్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అందులో ఒక ఆర్‌డీఏ (కాయిల్ బిగించి, లిక్విడ్ పీల్చే కాటన్ పెట్టుకునే పై భాగం), "కాంతాల్ ఏ1, 24 గేజ్" అని లేబుల్ ఉన్న వైరు చుట్ట, "జపనీస్ ఆర్గానిక్ కాటన్" ప్యాకెట్, రెండు 18650 సెల్స్ (వేప్‌లో వేసే లిథియం బ్యాటరీలు) ఉన్నాయి. లేబుల్‌కీ సరుకుకీ పొంతన ఉన్నది ఒక్కటీ లేదు.

డబ్బు పోవడం చిన్న విషయం. ఆ వైరుతో కాయిల్ చుట్టి, ఆ సెల్ వేసి మెక్ మాడ్ (సర్క్యూట్ బోర్డు లేని వేప్ గొట్టం) బటన్ నొక్కి ఉంటే షార్ట్ సర్క్యూట్ సరిగ్గా ముఖం ముందు జరిగేది. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సాస్‌లో ఒకరు వేప్ పేలి చనిపోయారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వైరు సంగతి. కాంతాల్ అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి చేసే మిశ్రలోహం. పుట్టింది స్వీడన్‌లో. ఫర్నేసుల్లో, హీటర్లలో వాడతారు. మొదటిసారి ఎర్రగా కాలినప్పుడు దాని ఒంటి మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర కరెంటును పోనివ్వదు. చుట్టుకి చుట్టు ఆనుకుని ఉన్నా కాయిల్ షార్ట్ కాకుండా, మధ్య నుంచి బయటికి సమంగా ఎర్రబడేది అందుకే. 24 ఏడబ్ల్యూజీ (వైరు మందానికి అమెరికన్ గేజ్) కాంతాల్ ఏ1 రెసిస్టెన్స్ మీటరుకి దాదాపు 7 ఓమ్స్ ఉంటుంది. అదే మందంలో నైక్రోమ్ 80 (నికెల్, క్రోమియం మిశ్రలోహం) అయితే 5.3 దగ్గర, 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 3.7 దగ్గర.

నాది ఎలక్ట్రానిక్స్ రిపేర్ పని. కొత్త వైరు చేతికొస్తే మీటరు పొడవు కొలిచి మల్టీమీటర్ పెట్టకుండా వాడను. ప్రోబ్స్ రెండూ కలిపితే 0.3 చూపించింది (అది ప్రోబ్స్ వాటా), వైరు చివర్లకి పెడితే 1.0. అంటే వైరు వాటా 0.7 ఓమ్. ఉండాల్సిన దాంట్లో పదో వంతు! మీటర్ తేడానేమో అని ఇంకో మీటర్ పెట్టాను. అదే లెక్క.

అయస్కాంతం పెడితే ఠక్కున అంటుకుంది. చాలామంది ఇక్కడే పడిపోతారు. "కాంతాల్ మ్యాగ్నెట్‌కి అంటుకుంటదన్నా, నైక్రోమ్ అంటుకోదు, చెక్ చేస్కో" అని అమ్మినవాడే నాకు వీడియో కూడా పంపాడు. మాట నిజమే. కానీ సెంట్రింగ్ పనిలో ఊచలు కట్టే తీగ కూడా అంటుకుంటుంది కదా! అయస్కాంతం పరీక్షతో నైక్రోమ్ కాదని తెలుస్తుందే తప్ప, కాంతాల్ అని తేలదు. తేల్చేది ఓమ్స్ ఒక్కటే.

బ్లేడుతో గీకితే పైన మెరిసే పూత, కింద ఇనుము కనిపించాయి. బాల్కనీలో చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని మంట చూపించాను. తెల్లటి పొగ వచ్చింది. పూత వేడి మీద పసుపు రంగుకి తిరిగి, చల్లారాక తెల్లబడింది. జింక్ ఆక్సైడ్ చేసే పనే అది. అంటే ఇది జీఐ తీగ, జింక్ పూత వేసిన ఇనప తీగ. జీఐ పైపులు వెల్డింగ్ చేసేవాళ్ళని అడగండి, ఈ పొగ గట్టిగా పీలిస్తే కొన్ని గంటలకి చలిజ్వరం, ఒళ్ళునొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయని చెప్తారు. మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు దాన్ని. వెల్డర్ ముఖం పక్కకి తిప్పుకుంటాడు, వేప్ తాగేవాడు పెదాలు పెట్టి మరీ లోపలికి లాగుతాడు. మంట పరీక్ష మీరు చేయకండి, మల్టీమీటర్ చాలు.

ఇప్పుడు లెక్క చూడండి. 3 మిల్లీమీటర్ల రాడ్ మీద ఆరు చుట్లు చుడితే, కొసలతో కలిపి ఏడున్నర సెంటీమీటర్ల వైరు పడుతుంది. అసలు కాంతాల్ అయితే అది 0.53 ఓమ్ అవుతుంది. నిండా ఛార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులు కాబట్టి లాగేది 8 ఆంప్స్. మంచి సెల్‌కి ఇది ఓ లెక్క కాదు. అదే కొలతకి జీఐ తీగ చుడితే 0.05 ఓమ్. కాగితం మీద 80 ఆంప్స్! ఏ 18650 సెల్ కూడా అంత కరెంటు ఇచ్చి బతకదు. రెగ్యులేటెడ్ మాడ్ (కరెంటుని అదుపు చేసే బోర్డు ఉన్నది) అయితే "షార్ట్" అని చూపించి ఆగిపోతుంది. మెక్ మాడ్‌లో ఆపడానికి బోర్డే ఉండదు. బటన్, కాయిల్, సెల్ అంతే. డబుల్ కాయిల్ వేస్తే రెసిస్టెన్స్ ఇంకా సగానికి పడుతుంది.

గేజ్ గురించి ఒక మాట. రాణిగంజ్‌లోనో కోఠి గుజరాతీ గల్లీలోనో కౌంటర్ మీద 24 గేజ్ అని అడిగితే చాలాసార్లు ఇచ్చేది ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజ్). అది 0.56 మిల్లీమీటర్లు. కాయిల్ లెక్కల్లో వాడే ఏడబ్ల్యూజీ 24 అయితే 0.51. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది కానీ కాంతాల్ మీటరుకి 7 బదులు 5.9 ఓమ్స్‌కి దిగుతుంది. ఇది మోసం కాదు, మన దగ్గర వైరు వ్యాపారం నడిచే తీరే అది. గేజ్ నంబరు వదిలేసి మిల్లీమీటర్లు అడగండి.

సెల్స్ దగ్గరికొస్తే ఇంకా ఘోరం. రేపర్ మీద పేరున్న కంపెనీ పేరు, "3500 ఎంఏహెచ్, 35 ఆంప్స్". అది చూడగానే నాకు నవ్వొచ్చింది. 18650లో కెపాసిటీ (ఎంఏహెచ్) పెంచితే ఒకేసారి ఇవ్వగల కరెంటు (ఆంప్స్) తగ్గుతుంది, కరెంటు పెంచితే కెపాసిటీ తగ్గుతుంది. శాంసంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్‌కి 20 ఆంప్స్. సోనీ, ఆ తర్వాత మురాటా చేసిన వీటీసీ6 3000 ఎంఏహెచ్‌కి 15 ఆంప్స్. 3500 దగ్గరికొచ్చే మామూలు సెల్స్ 8, 10 ఆంప్స్ దగ్గరే ఆగిపోతాయి. ఇక "9900 ఎంఏహెచ్" అని రాసి ఉన్న 18650 చూస్తే బేరం కూడా ఆడకండి. ఆ సైజులో అంత కెపాసిటీ ఉన్న సెల్ ఈ భూమ్మీద లేదు.

వంటింటి కాటా మీద పెడితే ఒకటి 33 గ్రాములు తూగింది. మంచి సెల్ 45 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. రెండోది 45 ఉంది. హమ్మయ్య అనుకుని తిప్పి చూద్దును కదా, రెండు చివర్లా స్పాట్ వెల్డింగ్ మచ్చలు! పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ప్యాక్ విప్పి, సెల్ పీకి, కొత్త రేపర్ తొడిగి అమ్మారు. ల్యాప్‌టాప్ సెల్స్ మెల్లగా, తక్కువ కరెంటు ఇవ్వడానికి చేసినవి. ఛార్జర్‌లో పెడితే కొత్తదానిలాగే 4.2 చూపిస్తుంది, పెద్ద లోడ్ పడినప్పుడే అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి బరువు సరిపోయినంత మాత్రాన నమ్మకండి. రేపర్ కప్పని రెండు చివర్ల లోహం మీద మచ్చలున్నాయేమో కూడా చూడండి. అసలు 18650 విడి సెల్స్ మనలాంటి వినియోగదారులకి అమ్మడానికి కావని ఎల్‌జీ, శాంసంగ్ లాంటి కంపెనీలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. 2021లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ కూడా ఇదే హెచ్చరిక ఇచ్చింది.

ఆర్‌డీఏ క్లోన్ (అసలు కంపెనీది కాని నకలు) అని తెలిసే కొన్నాను, అందులో ఆశ్చర్యం లేదు. స్క్రూలు రెండు తిప్పులకే అరిగిపోయాయి, వైరు కొసని బిగించే బదులు తెగ్గొడుతున్నాయి. అవన్నీ వదిలేయొచ్చు. వదలకూడనిది అడుగున ఉన్న 510 పిన్ (సెల్ నుంచి కరెంటు తీసుకునే మధ్య పిన్). అది చుట్టూ ఉన్న మరల (త్రెడ్) కంటే కాస్త బయటికి పొడుచుకు రావాలి. నాకొచ్చినదాంట్లో మరలతో సమానంగా ఉంది. హైబ్రిడ్ టాప్ (ఆ పిన్ నేరుగా సెల్‌కే ఆనే రకం) ఉన్న మెక్ ట్యూబ్‌లో ఇలాంటిది బిగిస్తే సెల్ పాజిటివ్ ముఖం నేరుగా నెగటివ్ అయిన మరల రింగుకి తగులుతుంది. కాయిల్ ఎంత బాగా చుట్టినా లాభం లేదు, కరెంటు కాయిల్ దాకా వెళ్ళనే వెళ్ళదు.

కాటన్‌ది చిన్న మోసం. కొంచెం వెలిగిస్తే కాగితంలా కాలి బూడిద అవ్వాల్సింది, ముడుచుకుని చివర గట్టి గుండులా మిగిలింది. పాలిస్టర్ కలిపారు. నీళ్ళలో వేస్తే తేలింది. మందుల షాపులో దొరికే అబ్సార్బెంట్ కాటన్‌కి ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) ప్రమాణం ఏమిటంటే, పది సెకన్ల లోపు మునగాలి. మైనం తీయని దూది నీళ్ళనే పీల్చదు, ఇక వేప్ లిక్విడ్‌లోని చిక్కటి గ్లిజరిన్‌ని ఏం పీలుస్తుంది? దీపంలో నూనె ఎక్కని వత్తి లాగే, లిక్విడ్ అందని కాటన్ కూడా తనే కాలడం మొదలుపెడుతుంది. పాలిస్టర్ కాలిన పొగ గొంతులోకి పోతుంది. డ్రై హిట్ (లిక్విడ్ అందక కాలిన దమ్ము) వచ్చిందంటే కాటన్ ఎక్కువ కుక్కేశామేమో అని అందరూ తమ చేతిపనినే తిట్టుకుంటారు. ఒకసారి ప్యాకెట్‌ని కూడా అనుమానించండి.

ఇవన్నీ ఫొటోలు తీసి పంపి డబ్బులు వెనక్కి ఇమ్మన్నాను. మొదట "వైరు మంచిదే అన్నా, నీ మీటర్ ఖరాబైనట్టుంది" అన్నాడు. స్పాట్ వెల్డింగ్ మచ్చల ఫొటో పంపాక కాసేపు ఉలుకూ పలుకూ లేదు. కంప్లైంట్ ఇస్తానని అన్నాను. అప్పుడొచ్చింది వాయిస్ మెసేజ్: "పో అన్నా, స్టేషన్‌కే పో. ఏం కొన్నవని చెప్తవ్ ఆడ?"

వాడి ధైర్యమంతా అక్కడుంది. మన దేశంలో ఈ-సిగరెట్ల నిషేధ చట్టం 2019లో వచ్చింది, ఆ ఏడాది సెప్టెంబరు 18 నుంచి అమల్లో ఉంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. తెలిసి సరుకు నిల్వకి చోటిచ్చినా ఆరు నెలల జైలో, యాభై వేల జరిమానానో, రెండూనో పడొచ్చు. అమ్మేవాళ్ళు చెప్పే రెండు మాటలకీ ఈ చట్టంలోనే జవాబు ఉంది. "నికోటిన్ లేదన్నా, లీగలే" అంటారు. నికోటిన్ ఉన్నా లేకపోయినా, వేడి చేసి పీల్చే పరికరమైతే చాలని నిర్వచనంలోనే ఉంది. "మేం పార్ట్స్ మాత్రమే అమ్ముతం" అంటారు. పూర్తి వస్తువైనా, దాంట్లో ఏ భాగమైనా అని చట్టం స్పష్టంగా రాసింది. కాయిల్ బిగించే డెక్ మీద "డీఐవై హాబీ పార్ట్" (సొంతంగా చేసుకునే సరదా సామాను) అని స్టిక్కర్ అంటించినంత మాత్రాన అది హాబీ అయిపోదు.

అందుకే బిల్లు ఉండదు, వారంటీ ఉండదు, షాపు అడ్రస్ ఉండదు. మిక్సీ చెడిపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాం, యూపీఐలో మోసపోతే 1930కి చేస్తాం. ఇక్కడ ఏ నంబరుకి చేసినా మొదటి ప్రశ్న "ఏం కొన్నారు?" అనే వస్తుంది. కొనేవాడు నోరు విప్పలేని బజారులో జీఐ తీగని కాంతాల్ అని అమ్మడానికి ఎవడైనా ఎందుకు భయపడతాడు? ఈ నగరంలో ఇప్పుడు మంచి సెల్లర్ ఎవరని నన్ను అడగకండి. చెప్పను. ఎవడి దగ్గరా కొనొద్దనే నా మాట.

సిగరెట్ మానేద్దామని ఇటు వచ్చినవాళ్ళకి మందుల షాపులో నికోటిన్ గమ్ బిల్లుతో దొరుకుతుంది. పొగాకు మాన్పించే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356, ఫోన్ ఉచితం.

ఇప్పటికే ఇంట్లో ఇలాంటి సెల్స్ ఉన్నవాళ్ళు చివర్లకి టేప్ చుట్టి, వేర్వేరుగా ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టండి. రేపర్ చిరిగిన సెల్‌ని తాళాల గుత్తితో కలిపి జేబులో వేసుకోవద్దు, పాజిటివ్ బొడిపె తప్ప మిగతా ఒళ్ళంతా నెగటివే. చెత్త బండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి. నా రెండూ అలాగే వెళ్ళిపోయాయి.

నాకు అమ్మినవాడు ఆ తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. అదే వైరు చుట్ట ఫొటో, అదే నీలం టేబుల్ క్లాత్ మీద, వేరే పేరుతో మళ్ళీ తిరుగుతోందని మా తమ్ముడు చూపించాడు. ఈసారి "థర్మోకోల్ కటింగ్ వైర్, కాంతాల్" అని పెట్టాడు. వినాయక చవితి మండపాల డెకరేషన్‌కి హాట్ వైర్ కట్టర్ చేసుకునే కుర్రాళ్ళు కొంటారని లెక్క. కట్టర్ కోసం కొనేవాళ్ళు కూడా మీటరు వైరు కొలిచి ఓమ్స్ చూసుకున్నాకే అడాప్టర్‌కి తగిలించండి. వీళ్ళు కొనేది నిషేధించిన వస్తువు కాదు కాబట్టి, బిల్లు అడగొచ్చు.