స్టార్టర్ డబ్బా మీది క్యూఆర్ కోడ్: నంబరు కోడ్‌లోనే ఉండాలి

కాంటాక్ట్ క్యూఆర్ కోడ్ చేయించుకునేవాళ్లు రంగులు, లోగో సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మన పేరు, నంబరు ఆ గళ్లలోనే ఉన్నాయా, ఇంకెవరి సర్వర్‌లోనో ఉన్నాయా? మోటారు వైండింగ్ షాపు స్టిక్కర్ల మీద కొన్నేళ్లుగా రెండు రకాలూ వాడాను. సర్వర్‌లో ఉండే రకం మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మాది బోర్ల మీద బతికే ప్రాంతం. కాలిపోయిన మోటారుకు వైండింగ్ చేసి, తిరిగి బిగించి వచ్చేటప్పుడు స్టార్టర్ డబ్బా మూత మీద స్టిక్కర్ అతికిస్తాం. మళ్లీ తేడా వస్తే రైతు స్కాన్ చేసి ఫోన్ చేస్తాడు. మొదటి కోడ్ ఒక వెబ్‌సైట్‌లో చేయించాం. ఫ్రీ అని పెద్ద అక్షరాల్లో ఉంది. గళ్లు తక్కువ కాబట్టి ఎండలో కూడా కెమెరా ఠక్కున పట్టేది. స్కాన్ చేస్తే షాపు ఫొటో, లొకేషన్, వాట్సాప్ బటన్ అన్నీ వచ్చేవి. తోటి మెకానిక్‌లకు కూడా అదే చెప్పాను.

యాసంగి వరి పొట్ట మీద ఉన్నప్పుడు వోల్టేజీ పడిపోయి మోటార్లు వరసగా కాలుతుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో ఒక రైతు నా నంబరు ఎవరినో అడిగి తీసుకుని ఫోన్ చేశాడు. "అన్నా, నీ స్టిక్కర్ కొడితే నంబరు వస్తలేదు. ఏదో ఇంగ్లిష్‌ల పైసలు కట్టమంటుంది" అన్నాడు. షాపులో మిగిలిన స్టిక్కర్‌ను స్కాన్ చేసి చూస్తే నిజమే. ట్రయల్ ముగిసింది, ప్లాన్ కొంటే కోడ్ మళ్లీ పనిచేస్తుందని ఒక పేజీ. కోడ్ తయారుచేసేటప్పుడు ట్రయల్ అన్న మాటే ఎక్కడా కనబడలేదు. అన్ని ఊళ్లలో, అన్ని డబ్బాల మీద ఉన్న స్టిక్కర్లు ఒక్కసారే పనికిరాకుండా పోయాయి. మెయిల్ పెడితే జవాబుగా ధరల పట్టిక వచ్చింది. ఆ సీజన్‌లో కొన్ని పాత గిరాకీలు వేరే షాపుకు పోయాయి. మడి నెర్రెలు బారుతుంటే ఎవరి నంబరు దొరికితే వాళ్లకే చేస్తారు, రైతును ఏమనగలం?

ఆ రకాన్ని డైనమిక్ కోడ్ అంటారు. అందులో ఉండేది చిన్న వెబ్ అడ్రస్ మాత్రమే. గళ్లు తక్కువగా ఉండటానికి కారణం కూడా అదే. స్టాటిక్ కోడ్‌లో పేరు, నంబరు వీకార్డ్ రూపంలో, అంటే ఫోన్ కాంటాక్ట్‌గా గుర్తుపట్టే పద్ధతిలో, గళ్లలోనే ఉంటాయి. గడువు, ప్లాను అన్న మాటే ఉండదు. తేడా పట్టుకోవడం తేలిక: కెమెరా పెట్టగానే వెబ్ అడ్రస్ కనిపిస్తే డైనమిక్, నేరుగా కాంటాక్ట్ సేవ్ చేయమంటే స్టాటిక్. స్టిక్కర్లు ప్రింటుకు ఇచ్చే ముందు ఫోన్‌లో డేటా ఆపేసి స్కాన్ చేసి చూడండి, అప్పుడు కూడా పేరు, నంబరు రావాలి.

స్టాటిక్‌కు మారాక అసలైన సంతోషం పొలాల దగ్గరే తెలిసింది. మా వైపు చాలా బోర్ల దగ్గర కాల్ కలుస్తుంది గానీ నెట్ తిరుగుతూనే ఉంటుంది. రోజువారీ డేటా అయిపోయిన ఫోన్లూ ఎక్కువే. అలాంటి ఫోన్‌లో కూడా స్కాన్ చేయగానే నా పేరు, నంబరు వచ్చి సేవ్ బటన్ కనిపించింది. మూత మీద గ్రీజు వేలిముద్రలున్నా చదివింది. 1994లో జపాన్‌లో మసహిరో హారా బృందం ఈ కోడ్‌ను తయారుచేసింది కార్ల ఫ్యాక్టరీల్లో విడిభాగాల లెక్క కోసమే కదా, జిడ్డుకు, మసికి తట్టుకునేలా అప్పుడే ఏర్పాటు చేశారు. కోడ్ చెడిపోయినా చదవగలిగేలా ఉండే స్థాయిల్లో అన్నిటికన్నా పెద్దది హెచ్ లెవెల్, తయారీలో అది పెట్టుకుంటే దాదాపు 30 శాతం దాకా చెడిపోయినా చదువుతుంది.

అయితే హెచ్ లెవెల్ పెడితే గళ్లు పెరుగుతాయి, చిన్న స్టిక్కర్‌లో అవి మరీ నలుసంత అవుతాయి. తెలుగులో పేరు రాస్తే ఇంకా ఎక్కువ, ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అందుకే కోడ్ లోపల ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు, ప్లస్ 91తో నంబరు, షాపు పేరు మాత్రం ఉంచి, తెలుగు పేరు పైన పెద్దగా వేయించాను. సైజు రెండంగుళాలకు పెంచాను. ఒకసారి ప్రింటింగ్ షాపు వాళ్లు చుట్టూ ఉండాల్సిన తెల్ల అంచును కత్తిరించి ఇస్తే చాలా ఫోన్లు పట్టలేదు, నాలుగు గళ్ల వెడల్పు ఖాళీ ఉండి తీరాలి.

ఇంకో చిక్కు నేను అనుకోనిది. చదరం గళ్లు కనిపిస్తే మనవాళ్ల చేయి పేమెంట్ యాప్ మీదకే పోతుంది. అందులో స్కాన్ చేస్తే ఈ కోడ్ చెల్లదంటుంది, రైతు స్టిక్కర్ పాడైందనుకుంటాడు. ఇప్పుడు "నంబరు కోసం ఫోన్ కెమెరాతో స్కాన్ చేయండి" అని పైన రాయించి, కింద నంబరు కూడా లావుగా వేయిస్తున్నాను. కీప్యాడ్ ఫోన్ ఉన్న పెద్దమనుషులకు ఎలాగూ అదే దిక్కు.

నా నంబరు ఏళ్లుగా మారలేదు కాబట్టి నాకు స్టాటిక్ సరిపోయింది. నంబరు మారితే ఊరూరా తిరిగి స్టిక్కర్లు మార్చాల్సిందే. ఉద్యోగాలు, అడ్రసులు తరచూ మారేవాళ్లకు ఏటా డబ్బు కట్టి డైనమిక్ వాడటమే నయం కావచ్చు, గడువు షరతులు ముందే చదువుకుంటే. పెళ్లిలోనో రైల్లోనో ఒకరికి నంబరు ఇవ్వడానికైతే ఇవేవీ అక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల కాంటాక్ట్స్‌లో షేర్ నొక్కితే క్యూఆర్ వస్తుంది. వచ్చే సీజన్‌కు తమ్ముడి నంబరు కూడా ఇదే కోడ్‌లో చేర్చాలా, పక్కన రెండో కోడ్ వేయించాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.