కాజీపేట పట్టాల మీదుగా లేజర్ లింకు: మూడేళ్ల వాడకం తర్వాత

మాది కేబుల్, బ్రాడ్‌బ్యాండ్ వ్యాపారం. కంట్రోల్ రూం వడ్డేపల్లి చెరువు వైపు ఉంటే, కనెక్షన్లలో సగం దాకా కాజీపేటలో రైలు పట్టాలకు అవతల ఉన్నాయి. రెంటినీ కలిపే ఫైబర్ రోడ్డు వెంట చుట్టూ తిరిగి పోతుంది. దారిలో ఎప్పుడూ ఏదో ఒక పని: డ్రైనేజీ, నీళ్ల పైపులైను, రోడ్డు వెడల్పు. జేసీబీ దిగిందంటే ఫైబర్ తెగిందన్నట్టే. కుర్రాళ్లు తెగిన ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషన్ పట్టుకుని గుంతల్లో కూర్చుంటే ఇక్కడ నా ఫోన్ ఊపిరి తీసుకోనిచ్చేది కాదు. అందుకని పట్టాల మీదుగా, మేడ నుంచి మేడకు, గాలిలోనే లేజర్ లింకు పెట్టించాం. దూరం 1.4 కిలోమీటర్లు. మూడేళ్లు దాటింది, ఇంకా నడుస్తోంది.

ఈ మధ్య కస్టమర్లు అదే పనిగా అడుగుతున్నారు: "అన్నా, శాటిలైట్లే లేజర్లతోని మాట్లాడుకుంటున్నయట గదా, ఇగ నీ వైర్లెందుకు?" 2025 జూన్‌లో శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీ స్టార్‌లింక్‌కు టెలికాం శాఖ లైసెన్సు ఇచ్చినప్పటి నుంచి ఈ మాట మరీ ఎక్కువైంది. నేల మీద లేజర్‌తో ఇన్నాళ్లు వేగినవాణ్ని కాబట్టి, నా అనుభవం రాస్తే వాళ్లకూ జవాబు దొరుకుతుంది, నాలాంటి ఆపరేటర్లకూ పనికొస్తుంది.

పరికరం చూడ్డానికి పెద్ద సీసీ కెమెరాలా ఉంటుంది. రెండు మేడల మీద చెరొకటి. ముందున్న అద్దం లోంచి 1550 నానోమీటర్ల కాంతి పోతుంది, కంటికి కనపడదు. మాది 1 గిగాబిట్ మోడల్. కాంతి కొంచెం విచ్చుకుంటూ పోతుంది. 2 మిల్లీరేడియన్లు అంటే కిలోమీటరుకు రెండు మీటర్లు. అటు చేరేసరికి మచ్చ వెడల్పు సుమారు 2.8 మీటర్లు. ఆ మచ్చ అవతలి అద్దం మీద పడేలా బిగించడమే అసలు పని. మొదటిసారి టెక్నీషియన్‌కు ఒక పూట పట్టింది. ఇప్పుడు మా కుర్రాళ్లే టెలిస్కోప్‌లో చూసి, మీటర్ మీద సిగ్నల్ డెసిబెల్స్ చదువుకుంటూ చేసేస్తారు.

మామూలు రోజుల్లో దీని గురించి రాయడానికి ఏమీ లేదు, అదే దీనికి పెద్ద మెప్పు. స్పీడు ఫైబర్‌కు తీసిపోదు. చుట్టుపక్కల ఎన్ని వైఫైలు, ఎన్ని రేడియో డిష్‌లు ఉన్నా దీనికి లెక్క లేదు. ఇంతకుముందు 5 గిగాహెర్ట్జ్ రేడియో వాడేవాళ్లం. ఊళ్లో అందరూ అదే వాడేసరికి సాయంత్రమైతే ఒకరి గోల ఒకరికి అడ్డం. ఐపీఎల్ మ్యాచ్ చివరి ఓవర్లో చక్రం తిరిగితే కస్టమర్ ఏమంటాడో ఇక్కడ రాయలేను. లేజర్ వచ్చాక ఆ తిట్లు పోయాయి. స్పెక్ట్రం లైసెన్సు గొడవా లేదు, కాంతికి స్పెక్ట్రం రుసుము ఉండదు.

మంచు సంగతికి వద్దాం. ఈ సమీక్ష అంతా దాని కోసమే అనుకోండి.

డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున చెరువు మీద నుంచి పొగమంచు లేచి పట్టాల దాకా పాకుతుంది. ఎదురుగా ఉన్న మేడ కనపడకపోతే లేజర్‌కూ కనపడదు. అమ్మినాయన "కొంచెం తగ్గుతుంది సార్" అన్నాడు. ఆ కొంచెం ఎంతో లెక్క వేసి చూపిస్తాను. చూపు అర కిలోమీటరు దాకా మాత్రమే ఆనే మంచులో కిలోమీటరుకు సుమారు 34 డెసిబెల్స్ పోతాయి. మా 1.4 కిలోమీటర్లకు అది 48 దాకా. 10 డెసిబెల్స్ పోతే పదో వంతు మిగులుతుంది, 20 పోతే వందో వంతు. 48 పోతే మిగిలేది 60 వేలలో ఒక వంతు. మా పరికరం దగ్గర ఉన్న వెసులుబాటు, అంటే ఎంత పోయినా లింకు తట్టుకుంటుందో ఆ లెక్క, 20 డెసిబెల్స్. కాబట్టి లింకు తగ్గదు, పోతుంది. సూర్యుడు పైకొచ్చి మంచు విడిచేదాకా రాదు.

మంచు బిందువులు మైక్రాన్లలో ఉంటాయి, కాంతి తరంగం పొడవుకు దగ్గరి సైజు, అందుకే వెలుగును అన్ని వైపులా చెదరగొడతాయి. వాన చినుకు మిల్లీమీటర్లలో ఉంటుంది, అది అంత హాని చేయదు. గంటకు 25 మిల్లీమీటర్లు కురిసే గట్టి వానలో కూడా కిలోమీటరుకు పోయేది 10 డెసిబెల్స్ లోపే. మా అనుభవమూ అంతే. 2023 జూలై చివర్లో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చిన ఆ వానల్లో లింకు ఆగింది నిజమే, కానీ వాన వల్ల కాదు. అవతలి మేడ మీద కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి ఆగింది. ఆ తర్వాత బ్యాటరీలు రెట్టింపు చేశాం.

మంచు కోసం పాత 5 గిగాహెర్ట్జ్ రేడియోను మళ్లీ బయటికి తీశాం. అదే పోలు మీద, లేజర్ పక్కనే. రేడియో తరంగం సెంటీమీటర్లలో ఉంటుంది, దానికి మంచు ఉందో లేదో కూడా తెలియదు. లేజర్ సిగ్నల్ మేం పెట్టుకున్న హద్దు కిందికి పోగానే రూటర్ ట్రాఫిక్‌ను రేడియో మీదికి మారుస్తుంది. తెల్లవారుజామున ఎలాగూ వాడకం తక్కువ, రేడియో సరిపోతుంది. చలికాలం అంతా ఈ జంటే నన్ను కాపాడుతోంది. రేడియో తోడు లేకుండా లేజర్ ఒక్కటే పెట్టుకుంటానంటే వద్దని చెప్తాను, ఎవరికైనా.

ఇక శాటిలైట్ల సంగతి. అక్కడ మంచు లేదు, వాన లేదు, గాలే లేదు. అందుకే నా 1.4 కిలోమీటర్లలో చచ్చిపోయే కాంతి అక్కడ వేల కిలోమీటర్లు హాయిగా పోతుంది. యూరప్ వాళ్ల డేటా రిలే శాటిలైట్లు 45 వేల కిలోమీటర్ల దూరం దాకా 1.8 గిగాబిట్ల వేగంతో, 2016 నుంచి ఈ పని చేస్తున్నాయి. స్టార్‌లింక్ శాటిలైట్ల మధ్య ఒక్కో లేజర్ లింకు 100 గిగాబిట్లు మోస్తుంది. పైగా శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతే, ఫైబర్ గాజులో పోయేది 2 లక్షల దగ్గర. కాజీపేటకు ఆ తేడాతో పని లేదు గానీ, ఖండాలు దాటే డేటాకు ఉంది.

అయితే ఆ శాటిలైట్ నుంచి మీ ఇంటి డాబా మీది డిష్‌కు వచ్చేది లేజర్ కాదు. రేడియో. నేను మంచుకు భయపడి రేడియో పెట్టుకున్నట్టే వాళ్లూ మబ్బుకు భయపడి కిందికి రేడియోనే వాడుతున్నారు. నేలకు నేరుగా లేజర్ దింపాలని చూసే నాసా కూడా 2021లో పంపిన ఎల్‌సీఆర్‌డీ అనే లేజర్ ప్రయోగ పరికరానికి నేల మీద రెండు చోట్లు పెట్టుకుంది, ఒకటి కాలిఫోర్నియా కొండ మీద, ఇంకొకటి హవాయిలో. ఒకచోట మబ్బు పడితే ఇంకొకచోట తెరిపి ఉంటుందని. 2023లో టీబర్డ్ అనే చిన్న శాటిలైట్ నేలకు 200 గిగాబిట్ల వేగం అందుకుంది. అది డేటాను దాచుకుని, స్టేషన్ మీదుగా పోయే కొద్ది నిమిషాల్లో ఒక్కసారిగా కుమ్మరించే పద్ధతి. సైన్సు డేటా రేపటిదాకా ఆగుతుంది. మా కాలనీలో ఆన్‌లైన్ పరీక్ష రాసే పిల్లాడు ఆగడు.

కాబట్టి అన్నలారా, శాటిలైట్లు వచ్చినా మా వైర్లు ఇప్పుడే పోవు. ములుగు, ఏటూరునాగారం అడవి పల్లెల్లో, ఫైబర్ లాగడానికి దారి లేనిచోట, శాటిలైట్ వస్తే నేనే చప్పట్లు కొడతాను. హనుమకొండలో గల్లీ గల్లీకి ఫైబర్ ఉండగా ఆకాశం వైపు చూడక్కర్లేదు. (నా వ్యాపారం కాబట్టి ఇలా అంటున్నానని మీరు అనుకోవచ్చు. కొంత నిజమే.)

మిగతా చిక్కులు చిన్నవే. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల ఇళ్ల మీద గాలి మరుగుతున్నట్టు కదులుతుంది చూడండి, అప్పుడు సిగ్నల్ వణుకుతుంది గానీ తెగదు. ఏడాదిలో కొన్ని ఉదయాలు సూర్యుడు సరిగ్గా అద్దం ఎదుటికి వచ్చి కొన్ని నిమిషాలు కళ్లు కమ్మినట్టు అవుతుంది. కేబుల్ వాళ్లకు ఇది కొత్త కాదు, మార్చి, అక్టోబర్ రోజుల్లో పెద్ద డిష్‌లకు వచ్చే సన్ అవుటేజ్ లాంటిదే. అద్దం మీద దుమ్ము నెలకోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి.

కోతులు మాత్రం చిన్న చిక్కు కాదు. హనుమకొండ కోతులకు పోలు కనపడితే ఊయలే. పరికరం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే అవతల మచ్చ 24 మీటర్లు జరుగుతుంది, అంటే పక్క మేడ మీద పడుతుంది. పరికరంతో వచ్చిన కరపత్రంలో గాలివాన గురించి, పిడుగు గురించి రాశారు, కోతి గురించి ఒక్క ముక్క లేదు. చివరికి వెల్డింగ్ షాపు ఆయనతో ఇనుప జాలీ గూడు చేయించి, అద్దం ముందు మాత్రం ఖాళీ వదిలి, పోలుకు కాకుండా పిట్టగోడకు బోల్టులేసి బిగించాం. అప్పటి నుంచి నిమ్మళం.

ఇంకోటి, పక్కింటి అవ్వ. "గా లైటు మా మామిడిచెట్టు మీదికెల్లి పోతున్నదట గద కొడుకా, కాయలు మాడిపోవా?" అని అడిగింది. కంటికీ హాని చేయని తరగతి లేజర్ అని ఆమెకు ఎలా చెప్పను? మీటర్ పట్టుకుని మేడ ఎక్కించలేను కదా. ఆ ఎండాకాలం కాపు బాగా రావడంతో గొడవ దానంతటదే తీరింది.

ధర జత కలిపి లక్షల్లోనే ఉంటుంది. ఫైబర్ తెగినప్పుడల్లా పోయే కూలీ, పోయే కస్టమర్లు లెక్కలో వేసుకున్నాకే మాకు గిట్టుబాటు అయింది. కొనేవాళ్లు గిగాబిట్ల సంఖ్య చూసి మురిసిపోకండి. మీ దూరానికి వెసులుబాటు ఎన్ని డెసిబెల్స్ అని అడగండి, కాగితం మీద రాయించుకోండి.

మేం రెండో జతకు అడ్వాన్స్ ఇచ్చాం, ఈసారి 600 మీటర్ల దూరానికి. అదే అర కిలోమీటరు చూపు మంచులో అక్కడ పోయేది 20 డెసిబెల్స్. దూరం తగ్గడంతో మచ్చ చిన్నదై ఇంకో 7 డెసిబెల్స్ కలిసొస్తాయి, అంటే వెసులుబాటు 27. జనవరికల్లా బిగిస్తారు. రేడియో ఈసారి కూడా పక్కనే ఉంటుంది, కోతుల గూడుకు కొలతలు ముందే ఇచ్చేశాను.